కెమెరా కన్నా ముందు మైకు కొనండి

సంపాదకుల వారికి,

ఇంటర్ అయ్యాక ఫోటోగ్రఫీనే డిగ్రీగా చదవాలనుకునే పిల్లలు తిరుపతి, చిత్తూరు నుంచి హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) వైపో, చెన్నై వైపో చూస్తారు. పనికి మాత్రం ఇక్కడ కొదవ లేదు. టీటీడీ భక్తి చానల్ ఎస్వీబీసీ 2008 నుంచి తిరుపతి కేంద్రంగానే నడుస్తోంది. ముహూర్తాలున్నాయంటే తిరుచానూరు కల్యాణ మండపాలు ఖాళీ ఉండవు. స్థానిక డిగ్రీ కాలేజీలు వీడియో ప్రొడక్షన్ కోర్సు పెడతామంటే సంతోషమే. మా పేచీ అంతా ల్యాబ్ డబ్బు ఖర్చయ్యే తీరు మీదే. ముందు ఖరీదైన కెమెరా బాడీ వస్తుంది, మిగిలిన చిల్లరతో ట్రైపాడ్ వస్తుంది, మైకులు, లైట్లు ‘వచ్చే ఏడాది చూద్దాం’ దగ్గర ఆగిపోతాయి. ఈ వరుసను తిరగేయాలి.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే ఓర్చుకోరు. పెళ్లినే తీసుకోండి. పంతులుగారి గొంతుకు తగ్గట్టు, రికార్డరులోని ధ్వని మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా లెవెల్ పెడతారు. తాళి కట్టే వేళకు గట్టిమేళం అందుకుంటుంది. డోలు, సన్నాయి ఒక్కసారిగా లేచేసరికి మీటరు తన చివరి హద్దయిన సున్నాకు కొట్టుకుని ధ్వని పగిలిపోతుంది. అలా పగిలినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. రికార్డరులో రెండో ట్రాకును 12 డెసిబెల్స్ తగ్గించి పక్కనే నడిపితే ఆ ఒక్క నిమిషం దక్కుతుంది. ఎంత పెద్ద ధ్వనినైనా పగలకుండా పట్టే 32 బిట్ ఫ్లోట్ రికార్డరు కొంటే ఈ బాధే ఉండదని అమ్మేవాళ్లు చెబుతారు. అది సగమే నిజం. మైకు ధ్వనిని గాలిలో పంపే వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ దగ్గరే ధ్వని పగిలితే రికార్డరు చేయగలిగింది ఏమీ లేదు.

కెమెరాలో ఆటో గెయిన్‌ను (ధ్వని స్థాయిని తనంతట తానే మార్చే అమరికను) ఆపేయడం మొదటి వారం పాఠం కావాలి. ఆపకపోతే మాటకూ మాటకూ మధ్య ఫ్యాను హోరును కెమెరా తనంతట తానే పెంచేస్తుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. ట్రాన్స్‌మిటర్‌ను రిసీవరు వైపు కట్టాలి, ఎందుకంటే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు మనిషి ఒళ్లే అడ్డం. ఇంటర్వ్యూ అయ్యాక అందరినీ కదలకుండా ఉంచి, అదే గదిలో 30 సెకన్లు ఊరికే రికార్డు చేసుకోవాలి. ఎడిటింగ్‌లో కోతల మధ్య అతుకు వేయడానికి ఆ నిశ్శబ్దమే పనికొస్తుంది.

ఇక వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. అందుకని మెనూలో 50 హెర్ట్జ్ దేశాలకు తగిన పాల్ ఎంచుకుని, సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను పెట్టాలి. 60 హెర్ట్జ్ దేశాల ఎన్‌టీఎస్‌సీలో వదిలేసి 30 ఫ్రేములు, 1/60తో తీస్తే మండపం గోడ మీద నల్లటి చారలు పాకుతాయి. డిమ్మరు తిప్పిన చౌక ఎల్‌ఈడీల కింద మాత్రం 1/50 పెట్టినా చారలు పోకపోవచ్చు. అప్పుడు డిమ్మరును పూర్తిగా పెంచి, లైటునే దూరం జరపాలి. ఒక మీటరు నుంచి రెండు మీటర్లకు జరిపితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది బోర్డు మీద రాసే సూత్రంగా మిగలకూడదు, పిల్లలు లైట్ మీటరు పట్టుకుని చూడాలి.

మన మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ (సెన్సరు వెలుతురును పట్టే స్థాయి) 100, షట్టరు 1/50 పెడితే అపెర్చరు (లెన్సు రంధ్రం) బాగా చిన్నదై ఎఫ్ 22 దగ్గరకు పోతుంది. వెనక దృశ్యం మసకగా కావాలని ఎఫ్ 2.8కి రావాలంటే వెలుతురును ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు సగం చొప్పున) తగ్గించాలి, అంటే లెన్సు ముందు పెట్టే ఎన్‌డీ 64 నల్లద్దం ఫిల్టరు కావాలి. ఫిల్టరు లేని కుర్రాడు షట్టరును 1/3200కి ఎక్కిస్తాడు. అప్పుడు నడిచే మనిషి కుదుపులు కుదుపులుగా కనిపిస్తాడు. తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా బొమ్మను వెలిసినట్టు తీసే లాగ్ ప్రొఫైల్ మోజు వేరే తలనొప్పి. చాలా కెమెరాల్లో దానికి ఐఎస్ఓ ఇంకా పైనే మొదలవుతుంది. మొదటి ఏడాది ఎవరినీ దాని జోలికి పోనివ్వకూడదని మా అభిప్రాయం. పసుపు బట్టలు ఫ్రేము నిండా ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ నీలం కలిపి ముఖాలను పాలిపోయేలా చేస్తుంది. గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) చూపించి చేత్తో సెట్ చేయడం అర నిమిషం పని.

ఫైళ్ల లెక్క ఎవరూ వేయరు. సెకనుకు 100 మెగాబిట్లతో తీస్తే గంటకు 45 జీబీ. 30 మందిని ఆరు జట్లుగా చేసి, సెమిస్టరుకు జట్టుకు నాలుగు గంటలు తీయించినా మొత్తం 1,080 జీబీ. రెండు టెరాబైట్ల డిస్కులు రెండు కొని, వేరు వేరు గదుల్లో ఉంచితే చాలు. రెండు కాపీలూ తెరిచి చూశాకే కార్డును ఫార్మాట్ చేయాలి. ఈ వేగానికి వీ30 తరగతి మెమరీ కార్డు సరిపోతుంది, అంతకన్నా వేగమైన వీ90 దండగ.

పరీక్ష విధానం కూడా మారాలి. నేపథ్య సంగీతం పరిచిన రీలు చూసి మార్కులు వేస్తే ధ్వని తప్పులన్నీ పాట కింద దాక్కుంటాయి. కార్డులోని అసలు ఫైళ్లు అడగండి. తలకోన జలపాతం బదులు శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాన్ని తీయమనండి. గుడ్డను గోడకు చదునుగా పరిచి, రెండు లైట్లను రెండు వైపులా 45 డిగ్రీల్లో పెట్టి, కెమెరా గుడ్డకు సమాంతరంగా ఉండేలా చూసి, ఎఫ్ 8 దగ్గర తీయాలి. ఒక లైటు దగ్గరైతే ఒక అంచు తెల్లబోతుంది, కెమెరా వంగితే చౌకం కోలగా మారుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ లేత పసుపు, కసిమి (ఇనుముతో చేసే రంగు) నలుపు, చెవ్వేరు (ఒక మొక్క వేరు) ఎరుపు తెర మీద ఉన్నవి ఉన్నట్టు వచ్చాయో లేదో అసలు గుడ్డ పక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. కలంకారీ నేతపని కాదు, కలంతో గీసిన పని కాబట్టి గీత అంచు పదునుగా ఉందో లేదో కూడా ఇట్టే కనబడుతుంది.

అనుమతుల సంగతి సిలబస్‌లోనే రాయాలి. తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లకూడదు, కొండ మీద డ్రోన్ ఎగరేయకూడదు. రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కల డ్రోన్ తీయాలన్నా ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

అడ్మిషన్ల వేళ తల్లిదండ్రులు కెమెరా మోడల్ అడిగి ఊరుకోకండి. మైకులు ఎన్ని, రికార్డర్లు ఎన్ని, సెలవు రోజుల్లో సామాను ఇంటికిస్తారా, బ్యాటరీ ఉబ్బిపోతే, కేబుల్ తెగితే కొత్తది ఎవరు కొంటారు అని అడగండి. ల్యాబ్ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి.

ఇట్లు,
ఫోటో, వీడియో పని నేర్పే కొందరు,
తిరుపతి