బ్రిటన్‌లో ఉద్యోగం పోతే వీసా గడువు ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు,

అయ్యా,

బ్రిటన్‌లో మన పిల్లల ఉద్యోగాలు పోయాయన్న వార్త వచ్చినప్పుడల్లా వీసాకు మిగిలేది మామూలుగా అరవై రోజులేనని పత్రికలన్నీ రాస్తున్నాయి. మంచిదే. దాని పక్కనే నడిచే ఇంకో గడువు సంగతి మాత్రం ఎక్కడా కనపడదు. అన్యాయంగా తీసేశారనో, జీతం ఎగ్గొట్టారనో, వివక్ష చూపారనో అక్కడి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే చాలా కేసుల్లో మూడు నెలలకు ఒక రోజు తక్కువే ఉంటుంది. మార్చి 10న తీసేస్తే జూన్ 9 ఆఖరు. ఆలోపే ఏకాస్ అనే రాజీ సంస్థకు తెలియజేయాలి. రాజీ కుదరకపోతే అది ఇచ్చే సర్టిఫికెట్ నంబరు వేసి దరఖాస్తు పెట్టాలి. రాజీ ప్రయత్నం నడిచిన రోజుల్ని గడువులో లెక్కించరు. ఫీజు లేదు, 2013లో పెట్టిన ఫీజుల్ని 2017లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. గడువును ఆరు నెలలకు పెంచుతూ 2025లో చట్టం చేశారు. అయితే ఆ నిబంధన అమలు తేదీ వేరు. తన కేసుకు వర్తిస్తుందో లేదో ఏకాస్‌ను అడక్కుండా ఆరు నెలలుందని కూర్చోకూడదు.

కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ‘అప్పీలు చేసుకోండి, పరిశీలిస్తాం’ అని హెచ్‌ఆర్ మర్యాదగా మెయిల్ పెడుతుంది. మనవాళ్లు దాని ఫలితం కోసం ఆగుతారు. ఇంట్లోవాళ్లు కూడా ‘తొందరపడి కోర్టుకెక్కకు నాన్నా’ అంటారు. కోర్టంటే చెప్పులరిగేలా తిరగడమేనని మనకున్న భయం అలాంటిది. అప్పీలు చేయాల్సిందే, కారణం లేకుండా మానేస్తే పరిహారంలో 25 శాతం దాకా కోత పడొచ్చు. కానీ అప్పీలు నడుస్తోందని ట్రిబ్యునల్ గడువు ఆగదు. రెండూ పక్కపక్కనే నడపాలి.

మరో పొరపాటు కంపెనీ పేరు. పని చేసేది ఒక పెద్ద బ్యాంకులో, జీతమిచ్చేది కన్సల్టెన్సీ. పే స్లిప్పు మీద ఇంకో పేరు కూడా ఉండొచ్చు. యజమాని ఎవరో అనుమానంగా ఉంటే ఒక్కో పేరు మీద విడిగా ఏకాస్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

బారిస్టర్ అనగానే మనకు లండన్‌లో చదివొచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గుర్తొస్తారు. అలాంటివాళ్లు సామాన్యుడికి అందుబాటులో ఉండరనుకుంటాం. నిజానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో కక్షిదారు తరఫున కేసు పనులు చూసే లాయరు, అంటే సొలిసిటర్, మధ్యలో లేకుండానే ‘పబ్లిక్ యాక్సెస్’ అనుమతి ఉన్న బారిస్టర్‌ను నేరుగా పెట్టుకోవచ్చు. ఆ అనుమతి ఉందో లేదో బారిస్టర్లను నియంత్రించే బార్ స్టాండర్డ్స్ బోర్డు రిజిస్టర్‌లో చూడొచ్చు. ఫీజు మాట్లాడేది ఛాంబర్స్‌లోని, అంటే బారిస్టర్ల ఆఫీసులోని, క్లర్కు. కేసు మొత్తం అప్పగించక్కర్లేదు. కేసు నిలుస్తుందా అన్న రాతపూర్వక అభిప్రాయం, దరఖాస్తు ముసాయిదా, విచారణ రోజు వాదన, వీటిలో ఏది కావాలంటే దానికే డబ్బు కట్టొచ్చు. ట్రిబ్యునల్‌లో గెలిచినా లాయరు ఖర్చు అవతలి పక్షం నుంచి రావడం అరుదు. కాబట్టి రెండు వేల పౌండ్ల బాకీకి అయిదు వేల ఫీజు పెట్టడం తెలివి కాదు.

బారిస్టర్‌కు ఇవ్వాల్సింది మూడు వందల వాట్సాప్ స్క్రీన్‌షాట్లు కాదు. ఏ తేదీన ఏం జరిగిందో రెండు పేజీలు, కాంట్రాక్టు, పే స్లిప్పులు, తొలగింపు లేఖ చాలు. మిగతా కాగితాల కోసం ‘సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్’ పెడితే మన గురించి తన దగ్గరున్న సమాచారాన్ని కంపెనీ మామూలుగా నెలలోపు ఉచితంగా ఇవ్వాలి. ఆఖరి రోజు రాత్రి ఆఫీసు మెయిళ్లన్నీ సొంత జీమెయిల్‌కు పంపుకోవడం మాత్రం వద్దు. గోప్యత ఉల్లంఘన అంటూ కేసు మన మీదికే తిరుగుతుంది.

బాకీ డబ్బు ఏ పేరుతో అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. ‘కాంట్రాక్టు ఉల్లంఘన’ అని అడిగితే ట్రెయినింగ్ బాండ్ డబ్బు కట్టమంటూ కంపెనీ అక్కడే ఎదురు దావా వేయగలదు. అదే జీతాన్ని ‘చట్టవిరుద్ధ కోత’ కింద అడిగితే ట్రిబ్యునల్‌లో ఎదురు దావాకు చోటు లేదు. కంపెనీ విడిగా సివిల్ కోర్టుకు పోవాలి. నోటీసుకు బదులు రావాల్సిన డబ్బుకు మాత్రం చాలాసార్లు మొదటి దారే గతి. దరఖాస్తులో ఏ గడిలో టిక్ పెట్టాలో తెలియక ఈ చిక్కు కొనితెచ్చుకునేవాళ్లున్నారు.

సెటిల్‌మెంట్ అగ్రిమెంట్ చేతికిచ్చి సాయంత్రంలోగా సంతకం చేయమంటే కంగారు పడొద్దు. స్వతంత్ర న్యాయ సలహాదారు చూడకపోతే చట్టబద్ధమైన హక్కుల్ని వదులుకున్నట్టు ఆ కాగితం చెల్లదు. ఆ సలహా ఖర్చులో కొంత కంపెనీలే భరించడం అక్కడ మామూలు. ఏకాస్ ద్వారా కుదిరే రాజీ ఇలా కాదు. ఫోన్‌లో ‘సరే’ అన్నా కట్టుబడినట్టే.

ఇక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు. మన కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం మానేశాక అలాంటి నిషేధం చెల్లదు. హైదరాబాద్‌లో ఇది విన్నవాళ్లు లండన్ కాంట్రాక్టులోనూ దాన్ని చిత్తు కాగితం అనుకుంటారు. అక్కడ వ్యాపార రక్షణకు అవసరమైనంత మేరకే ఉంటే కోర్టు దాన్ని అమలు చేస్తుంది. 2019లో టిల్‌మన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అతిగా ఉన్న మాటల్ని మాత్రం కొట్టేసి, మిగతా ఆరు నెలల నిషేధాన్ని నిలబెట్టింది. పైగా ఇలాంటి వివాదాలు హైకోర్టుకు వెళ్తాయి. అక్కడ ఓడినవాడు అవతలివాళ్ల లాయరు ఖర్చూ కట్టుకోవాల్సి రావొచ్చు. కొత్త ఆఫర్ మీద సంతకం పెట్టే ముందే ఈ షరతు చూపించి అభిప్రాయం తీసుకుంటే తక్కువలో పోతుంది.

వీసా అయిపోయి విజయవాడకో వరంగల్‌కో వచ్చేసినా కేసు పోదు. కానీ ఇక్కడ కూర్చుని వీడియోలో సాక్ష్యం చెప్పాలంటే, సాక్షి ఉన్న దేశానికి అభ్యంతరం లేదని ట్రిబ్యునల్ ముందుగా తేల్చుకుంటుంది. దానికి వారాలు పడుతుంది. విమానం టికెట్ కొన్న రోజే ఆ మాట ట్రిబ్యునల్‌కు రాసి పెట్టాలి.

భవదీయుడు,
ఉద్యోగ, వాణిజ్య చట్టాల న్యాయవాది
లండన్