యూనియన్ లెక్కలు సభ్యుల ముందు పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

చెన్నై అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లోని ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. చేరిన ఏడాదే యూనియన్ సభ్యత్వం తీసుకున్నాను. ఒక్క నెల కూడా చందా ఆపలేదు. నేను పర్మనెంట్ అయ్యానంటే ఆ యూనియన్ పుణ్యమే. అందుకే ఈ ఉత్తరం రాయడానికి చాలా రోజులు తటపటాయించాను.

పోయిన ఏడాది మా షాపులో పనిచేసే సూళ్లూరుపేట అతను గుండెపోటుతో చనిపోయాడు. సభ్యుడు పోతే కుటుంబానికి సంక్షేమ నిధి నుంచి యాభై వేలు ఇవ్వాలని మా నియమావళిలోనే ఉంది. ఆయన భార్య ఆ డబ్బు కోసం మూడుసార్లు రైలెక్కి వచ్చింది. మూడోసారి ట్రెజరర్ గారు "నిధిలో డబ్బు లేదమ్మా, అందరినీ అడిగి వసూలు చేసి పంపిస్తాం" అన్నారు. ఆమె ఏమీ అనలేదు. చంటిబిడ్డను భుజాన వేసుకుని వెళ్లిపోయింది. పక్కనే నిలబడి ఉన్న నాకు తల కొట్టేసినట్లయింది. అంతకు కొన్ని నెలల ముందే వేతన ఒప్పందం కుదిరి, అరియర్స్‌లోంచి ఒక్కొక్కరి దగ్గర రెండు వేలు లెవీ, అంటే యూనియన్‌కు ప్రత్యేక చందా, పట్టుకున్నారు. మేం దాదాపు నాలుగు వందల మందిమి. ఆ డబ్బు ఏమైందని అడిగితే "మా మీద నమ్మకం లేదా?" అన్నారు.

ఎవరూ తిన్నారని నేను అనడం లేదు. సస్పెండైన ముగ్గురి కేసులు లేబర్ కోర్టులో నడుస్తున్నాయి. లాయరు ఫీజులకే పోయి ఉండొచ్చు. సెక్రటరీ గారు సొంత డబ్బుతో ఆటోల్లో తిరిగిన రోజులు కూడా నేను చూశాను. ఆ ఖర్చే ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర అంటిస్తే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. మా దగ్గర 2018 తర్వాత ఎన్నిక లేదు, జనరల్ బాడీ (సభ్యులందరి సమావేశం) లేదు. పదవీకాలం మూడేళ్లకు మించకూడదని ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ చెప్పింది. ఏటా ఆడిట్ జరగాలి, ఖాతా పుస్తకాలు సభ్యులకు చూపాలి అన్నది 1926 నాటి ఆ చట్టంలో ఉండేది, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది.

ఇంకో ఇబ్బంది భాష. మా షాపులో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లం చాలామందిమి. తమిళం ధారాళంగా మాట్లాడతాం, చదవడం అందరికీ రాదు. నోటీసులన్నీ తమిళంలోనే ఉంటాయి. లెవీ కాగితం మీద కూడా ఏం రాసి ఉందో తెలియకుండానే కొందరు సంతకం పెట్టారు. తమిళంలో వద్దని కాదు, కింద నాలుగు ముక్కలు తెలుగులోనూ రాయమంటున్నాం. ఇదేమీ కొత్త కోరిక కాదు. 1918 ఏప్రిల్‌లో పెరంబూరులో మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టిన బి.పి. వాడియా పార్సీ. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే బిన్నీ మిల్లు కార్మికులకు తమిళంలోకి మార్చి చెప్పేవారు. కార్మికుడికి అర్థం కావాలని ఆనాడే అంత శ్రద్ధ తీసుకున్నారు. ఆ యూనియన్ మీద బిన్నీ కంపెనీ హైకోర్టుకు వెళ్లి నాయకులను ఇరుకున పెట్టింది. యూనియన్లకు రక్షణగా చట్టం కావాలన్న డిమాండు ఆ కేసుతోనే బలపడి, 1926 చట్టం దాకా వెళ్లింది. ఈ ఊళ్లో మొదలైన పోరాటంతో వచ్చిన హక్కు ఈ ఊళ్లోనే మూలన పడి ఉంటే బాధగా ఉండదా?

ఇలాంటివి బయట పెడితే యాజమాన్యానికి అలుసవుతాం అని మా వాళ్లలోనే కొందరు అంటున్నారు. నాకూ ఆ భయం ఉంది. 2024 సెప్టెంబరులో శ్రీపెరంబుదూరు దగ్గర శామ్‌సంగ్ కార్మికులు నెలకు పైగా సమ్మె చేశారు. వాళ్ల ముఖ్య డిమాండు యూనియన్‌కు గుర్తింపు. అంత కష్టపడి తెచ్చుకునేదాన్ని లోపలి నుంచి మనమే వదులు చేసుకోకూడదు. పైగా 2025 నవంబరు 21 నుంచి కొత్త కోడ్ అమల్లోకి వచ్చింది. ఒకటికి మించి యూనియన్లున్న చోట 51 శాతం కార్మికుల మద్దతు ఉన్నదానికే ఒంటరిగా చర్చలు జరిపే హక్కు. మా ఫ్యాక్టరీలో రెండో యూనియన్ పెట్టించే ప్రయత్నాలు ఇప్పటికే మొదలయ్యాయి. లెక్క అడిగి జవాబు రాని కుర్రవాళ్లే ముందుగా అటు వెళ్తున్నారు.

కార్మిక శాఖకూ ఒక విన్నపం. యూనియన్లు రిజిస్ట్రారుకు ఏటా పంపే రిటర్నులను వెబ్‌సైట్‌లో పెడితే, మాలాంటివాళ్లు ఎవరి మొహం చూసి అడగాలా అని టెన్షన్ పడకుండా చదువుకుంటారు.

ఎన్నిక తేదీ ప్రకటించాలని, లెవీ లెక్క చూపాలని, చనిపోయినతని కుటుంబానికి రావలసింది ముందుగా ఇవ్వాలని ఇరవై రెండు మందిమి సంతకాలు చేసి పోయిన నెల సెక్రటరీ గారి చేతికిచ్చాం. ప్రెసిడెంటు గారితో మాట్లాడి చెబుతానన్నారు. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక యూనియన్ సభ్యుడు,
విల్లివాక్కం, చెన్నై