ఆడపిల్లల కాలేజీలో పీడీ ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయినేడాది మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లి, టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో రెండు నెలలు ఉన్నాను. ఒకరోజు యూనివర్సిటీ వైపు నడిచి వెళ్తుంటే ఒక ఆడమనిషి కంచు విగ్రహం కనిపించింది. మన ఊళ్లో అయితే అలాంటి చోట ఏ మాజీ ముఖ్యమంత్రో చెయ్యి ఊపుతూ ఉంటాడు. ఎవరీవిడ అని అడిగితే, "కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ అత్తయ్యా" అన్నాడు మా అల్లుడు. నేనూ పదకొండేళ్లు ఒక డిగ్రీ కాలేజీలో పీడీగా, అంటే ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్‌గా, ఆడపిల్లలకు ఆ ఆటే నేర్పినదాన్ని. ఇంక అక్కణ్నుంచి కదల్లేకపోయాను.

ఆవిడ పేరు ప్యాట్ సమ్మిట్. రైతు బిడ్డ. మన ఒంగోలు వైపు పిల్లల్లాగే పొగాకు చేలో పనిచేస్తూ పెరిగింది. రాత్రయితే గడ్డివాము కొట్టంలో అన్నదమ్ములతో కలిసి బంతాట. హైస్కూలుకు వచ్చేసరికి దగ్గర్లో ఉన్న బడిలో ఆడపిల్లల టీమ్ లేదు. టీమ్ ఉన్న బడి కోసం వాళ్ల నాన్న కాపురమే మార్చేశాడు. 1974లో, ఇరవై రెండేళ్లకే టెనెసీ యూనివర్సిటీ మహిళా జట్టును ఆమె చేతిలో పెట్టారు. జీతం నెలకు 250 డాలర్లు. మ్యాచ్‌లకు వ్యాను తనే నడిపేది, ఆటగాళ్ల డ్రస్సులు తనే ఉతికేది. ఆ డ్రస్సులు కూడా అంతకుముందు ఏడాది పిల్లలు డోనట్లు అమ్మి కొనుక్కున్నవట. మొదటి మ్యాచ్ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు.

ఇంతవరకూ చదివినప్పుడు నాకు పెద్ద వింతగా అనిపించలేదు. వ్యాను లేదు గానీ మిగతావన్నీ నేనూ చేశాను. ఆశ్చర్యం వేసింది ఆ తర్వాతి లెక్క చూసి. ఆమె జట్టు మొదటిసారి జాతీయ చాంపియన్ అయింది 1987లో. అంటే చేరిన పదమూడో సీజన్‌లో! ఈలోపు ఆమె 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడి రజతం తెచ్చింది, 1984లో కోచ్‌గా అమెరికాకు స్వర్ణం తెచ్చింది. నిజమే, గెలుస్తూనే ఉంది. కానీ కాలేజీ కప్పు మాత్రం పన్నెండేళ్లు రాలేదు. అయినా యూనివర్సిటీ ఆమెను ఉంచుకుంది, ఆమె కూడా వేరే చోటికి పోలేదు. మొత్తం 38 సీజన్లు, 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్లు. ఒక్క సీజన్లో కూడా గెలుపులకన్నా ఓటములు ఎక్కువ కాలేదు. మగపిల్లల జట్టుకు రమ్మని కబురొస్తే, అదేం ప్రమోషన్ అని అడిగి ఊరుకుందట.

ఆవిడ పద్ధతి కూడా చెప్పాలి. జట్టులో పిల్లలు క్లాసులో మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. క్లాసు ఎగ్గొడితే ఒప్పుకునేది కాదు. కాలేజీలో ఆడే గడువు పూర్తయ్యేదాకా ఆమె దగ్గరున్న ప్రతి అమ్మాయీ డిగ్రీ చేత పట్టుకునే బయటికెళ్లింది. ఆమె కళ్లెర్రజేస్తే పిల్లలు వణికేవారట. ఆ చూపు నాకు రాలేదు, నన్ను చూసి పిల్లలు నవ్వేవారు.

ఇదంతా ఆవిడ ఒక్కర్తి గొప్పతనమే అనుకుంటే పొరపాటు. 1972లో అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడా మగా తేడా చూపకూడదని చెప్పే ఒక్క వాక్యం. అందులో ఆటల ఊసే లేదు. ఆ వాక్యాన్ని పట్టుకునే ఆడపిల్లలకు జట్లు, స్కాలర్‌షిప్పులు, కోచ్ ఉద్యోగాలు సాధించుకున్నారు. 250 డాలర్లతో మొదలైన ఆమె జీతం 2006లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. అక్కడంతా బంగారమని అనడం లేదు. చాలా రాష్ట్రాల్లో సర్కారు జీతగాళ్లందరిలో ఎక్కువ తీసుకునేది కాలేజీ కోచే, రెండేళ్లు ఓడితే సంచి సర్దుకోవాల్సిందీ అతనే. డబ్బు వచ్చాక మహిళా జట్లకు కోచ్‌లుగా మగవాళ్లు బారులు తీరారు. 1972లో నూటికి తొంభై మంది పైగా ఆడవాళ్లే ఉన్న చోట ఇప్పుడు సగం కూడా లేరు.

ఇక మన సంగతి. నాది గెస్ట్ పోస్టు. జూన్‌లో కాలేజీ తెరుస్తారు, నాకు ఆర్డరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మార్చిలో సెలవు. మళ్లీ ఆర్డరు కోసం ఆఫీసు గుమ్మం ముందు నిలబడాలి. కోర్టు సిమెంటు పగుళ్లలో గడ్డి మొలిచేది, డ్రిబుల్ చేస్తుంటే బంతి అడ్డంగా పోయేది. పరీక్షలొస్తే అక్కడే షామియానా. ఎడమచేతి వాటం అమ్మాయి ఒకతి ఉండేది. కుడివైపు పోతున్నట్టు భుజం వంచి ఎడమ పక్కనుంచి దూరి, రింగు దగ్గరికి ఎగిరి లేఅప్ వేసేది, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని. ఆ పిల్ల రెండో ఏడాదిలో నా ఆర్డరు అక్టోబరులో వచ్చింది. అప్పటికి ఇంటర్ కాలేజియేట్ పోటీలు, యూనివర్సిటీ సెలక్షన్స్ అన్నీ అయిపోయాయి. జట్టును తీసుకెళ్లే మనిషి లేక మా కాలేజీ పేరే పంపలేదు. ఆ ఏడాది కూడా గేమ్స్ ఫీజు మాత్రం అందరి దగ్గరా వసూలు చేశారు. మూడో ఏడు ఆ పిల్లకు పెళ్లి కుదిరింది.

గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టి బ్యాడ్మింటన్ అకాడమీ కట్టాడని మనం మురిసిపోతూ చెప్పుకుంటాం. పిల్లలకు ఆట నేర్పాలంటే మాస్టారు ఇల్లు తాకట్టు పెట్టాలా? అది అందరికీ అయ్యే పనా? నేను పెడదామన్నా మాది అద్దిల్లు.

అందుకని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మీ ద్వారా నా మనవి ఇది. మహిళా డిగ్రీ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్ పోస్టులను గెస్టులతో నెట్టుకురాకుండా రెగ్యులర్‌గా నింపండి. అపార్టుమెంటు అంతస్తుల్లో నడిచే జూనియర్ కాలేజీలకు గుర్తింపు ఇచ్చే ముందు గ్రౌండ్‌ను కాగితం మీద కాకుండా కాళ్లతో నడిచి చూడండి. గేమ్స్ ఫీజు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అనే లెక్క నోటీసు బోర్డు మీద అంటించమనండి.

మీకూ ఒక మాట. ఫలితాల రోజున మీ మొదటి పేజీ నిండా ర్యాంకుల ప్రకటనలే ఉంటాయి. ఆ డబ్బు మీకు అవసరమే, కాదనను. ఆ మర్నాడు మీ విలేకరిని ఒక్క పూట పంపి, ఏ కాలేజీలో పీడీ ఉన్నారో, ఏ రింగుకు నెట్టు ఉందో రాయించండి. తెనాలిలో అయితే నేనే వెంట వచ్చి చూపిస్తాను.

— ఒక మాజీ ఫిజికల్ డైరెక్టర్, తెనాలి