ఆ ఓడ మీద మూడు రంగుల జెండా ఎక్కడిది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మా యానాం ఫ్రెంచి రోజుల మీద మీరు వేసిన కథనం బాగుంది గానీ, దాని పైన బొమ్మ వల్ల మా ఇంట్లో చిన్న గొడవే అయింది. కింద ‘1782, సఫ్రేన్ యుద్ధనౌక ఎరో’ అని రాసి (సఫ్రేన్ అంటే ఫ్రెంచి నౌకాదళాధిపతి), ఓడ మీద నీలం తెలుపు ఎరుపు జెండా ఎగరేశారు. ఫ్రాన్సు జెండా అదే కదా అంటారు మా బావగారు. 1954 దాకా ఇక్కడ ఎగిరింది అదే, ఆయన్ని అనేదేం లేదు. కానీ 1782 నాటికి అక్కడ ఇంకా రాజుగారే, యుద్ధనౌకలకి తెల్ల జెండాయే. మూడు రంగులు విప్లవం తర్వాతి సంగతి.

చిన్న తప్పు పట్టుకుని పీకుతున్నాననుకోకండి. 1778లో ఫ్రాన్సు రేవు తూలోన్‌లో నీళ్లలోకి దించిన ఆ 74 ఫిరంగుల ఓడ, 1782 ఫిబ్రవరిలో మద్రాసుకి దక్షిణాన సద్రాస్ దగ్గర మొదలుపెట్టి ఏడాదిన్నరలోపే ఇంగ్లీషు అడ్మిరల్ హ్యూస్‌తో ఐదుసార్లు తలపడింది (అప్పుడు మా యానాం ఇంగ్లీషు వాళ్ల చేతిలోనే ఉంది లెండి). 1782 సెప్టెంబర్ 3న శ్రీలంకలోని ట్రింకోమలీ బయట మిగతా ఓడలు అందుకోలేక దూరంగా ఉండిపోతే, ఇది ఇంకో రెండింటితో కలిసి శత్రువుల మధ్య ఇరుక్కుంది. నడిమి తెరచాప కొయ్య విరిగి జెండాతో సహా కూలింది. లొంగిపోయారనుకుని అవతల ఒకటే కేకలు. అప్పుడు సఫ్రేన్, మనిషి బాగా లావు, తెల్ల జెండాలు తెచ్చి ఓడ చుట్టూ కట్టమని అరిచాడట. ఇవాళ తెల్ల జెండా అంటే లొంగిపోవడం, ఆయన లొంగలేదని చెప్పడానికి కట్టించాడు! మీ బొమ్మలో మూడు రంగుల జెండా పెడితే ఈ కథ ఎలా అర్థమవుతుంది?

తాళ్లరేవులో పడవలు కట్టే మేస్త్రికి ఇది చెబితే ఆయన అడిగింది ఒకటే, ‘మరి కొత్త కొయ్య ఎక్కడిదండీ?’ అని. కొత్త కొయ్యలు దొరక్క చిన్న ఓడల కొయ్యలు పీకి పెద్దవాటికి పెట్టుకునేవాళ్లని చెప్పాను. ‘మేమూ అంతేగా’ అన్నాడు.

1783 జూన్‌లో కడలూరు దగ్గర జరిగిన చివరి పోరులో సఫ్రేన్ దాని మీద లేడు, రాజాజ్ఞ ప్రకారం చిన్న ఓడలోకి మారాడు. 1793 డిసెంబర్లో తూలోన్ వదిలి వెళ్తూ ఇంగ్లీషు వాళ్లు తగలబెట్టిన ఓడల్లో ఎరో కూడా ఉంది.

ఈసారి వేస్తే తెల్ల జెండాతో వేయండి, మా బావగారికి చూపించాలి.

యానాం నుంచి ఒక పాఠకుడు