తప్పెటగుళ్లకు మైదానం కావాలి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి నమస్కారాలతో,

ఏటా సంక్రాంతి వెళ్లాక విజయనగరంలో మూడు రోజులపాటు తప్పెటగుళ్లు, జముకుల కథ, థింసా లాంటి ఉత్తరాంధ్ర జానపద కళల పండుగ జరిపించమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. టికెట్టు వద్దు, పాసులు వద్దు. చంకలో బిడ్డతో వచ్చే తల్లి దగ్గర్నుంచి చేతికర్ర పట్టుకుని వచ్చే తాత దాకా అందరూ వచ్చి చూడాలి, పాడాలి, కాలు ఆగకపోతే ముందుకొచ్చి ఆడాలి. ఈ చివరి మాటే నా అసలు విన్నపం.

నేను విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని వాయిస్తూ తప్పెటగుళ్లు ఆడే ఇళ్ల పిల్లలు, డప్పు కొట్టే ఇళ్ల పిల్లలు నా తరగతిలో కూర్చుంటారు. వాళ్ల తాతలు గజ్జె కడితే నేల అదిరేది. ఆ తాతల పేరెత్తితే సంతోషపడాల్సింది పోయి, పక్కవాడు విన్నాడేమోనని అటూ ఇటూ చూస్తారు. ఆ చూపే ఈ ఉత్తరం రాయిస్తోంది.

జానపద కళాకారులను ప్రభుత్వ కార్యక్రమాలకు పిలవడం లేదని నేను అనను. పిలుస్తున్నారు. పిలిచి ఎక్కడ నిలబెడుతున్నారన్నదే బాధ. ఏ ఊరో, ఎవరు జరిపిందో చెప్పను, కళ్లారా చూసింది మాత్రం చెబుతాను. ముఖ్య అతిథి పదింటికి వస్తారని తప్పెటగుళ్ల బృందాన్ని ఎనిమిదింటికే రమ్మన్నారు. అతిథి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. రేకు తప్పెట ఎండలో ఎంత కాలుతుందో గుండె మీద కట్టుకున్నవాడికే తెలుస్తుంది. నీడకు పోదామంటే కారు ఏ నిమిషాన వస్తుందో తెలియదు, గేటు దగ్గర్నుంచి కదలొద్దన్నారు. చివరికి కారు వచ్చింది. అతిథి దిగి వేదిక మెట్లెక్కేదాకానే ఆట. ఆయన కూర్చోగానే "ఇక ఆపండి, సభ మొదలుపెట్టాలి" అని మైకులో చెప్పారు. సాయంత్రం అదే వేదిక మీద సినిమా పాటల ఆర్కెస్ట్రా రాత్రి పొద్దుపోయేదాకా నడిచింది. బృందంలో పెద్దాయన తప్పెట విప్పుకుంటూ, "మా ఆట ఎవులు సూసినారు టీచరమ్మా? కూకుని సూసినోడు ఒక్కడున్నాడేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

తప్పెటగుళ్లు దారి పక్కన నిలబడి చూపించే ఆట కాదండీ. గొర్రెలూ ఆవులూ కాసుకునే గొల్లవారు గంగమ్మ తల్లి కొలుపుల్లో ఆడుకుంటూ వచ్చిన ఆట. మొదట్లో అడుగు నెమ్మదిగా పడుతుంది. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగిలినవాళ్లు గొంతు కలుపుతారు. రెండు చేతులూ గుండె మీది తప్పెట మీదే ఉంటాయి, కాళ్లకూ నడుముకూ గజ్జెలు. కథ నడిచేకొద్దీ అడుగు జోరందుకుంటుంది. గుండ్రంగా తిరుగుతూ ఎగురుతారు, పల్టీలు కొడతారు, మనిషి భుజాల మీద మనిషి ఎక్కి గోపురం కడతారు. ఆ గోపురం మీదికెక్కినవాడి చేయి కూడా దరువు తప్పదు. చుట్టూ ఉన్న జనం కేకలేసి ఉత్సాహపరిస్తే ఇంకో వరస లేస్తుంది. జనం లేని చోట ఆ వరస లేవదు. ఈ ఆటలో సగం పని చూసేవాళ్లదే. అందుకే దీన్ని ఎత్తైన వేదిక మీదికి ఎక్కించి, ముందు వరసలో సోఫాలు వేసి, జనాన్ని కర్రల కంచె అవతల నిలబెడితే బృందం ఎంత గొప్పదైనా ఆట చప్పబడిపోతుంది.

జముకు మీటుతూ పాడి చెప్పే జముకుల కథది ఇంకో తీరు. జముకు చూడ్డానికి చిన్న వాద్యం. ఒక మూతికి తోలు బిగించిన గుల్ల, ఆ తోలు నడిమధ్య నుంచి వచ్చే ఒక్క తీగ. గుల్లను చంకలో నొక్కిపట్టి, తీగ కొసను ఒక చేత్తో లాగి, రెండో చేత్తో మీటుతారు. లాగే బిగువును బట్టి నాదం పైకి పోతుంది, కిందికి జారుతుంది. కథలో తల్లి ఏడిస్తే తీగ మూలుగుతుంది, హాస్యం వస్తే గెంతుతుంది. ఒకసారి మా బడిలో ఒక పెద్దాయన చేత కథ చెప్పించాను. మైకు పెట్టలేదు. వేప చెట్టు కింద పిల్లలు ఆయన చుట్టూ ముడుచుకుని కూర్చున్నారు. ఆయన తీగ లాగి వదిలిన ప్రతిసారీ ముందు వరసలో ఒక పిల్ల మెడ అటూ ఇటూ కదిలింది. కథ అయ్యాక జముకు తన చేతికి ఇవ్వమంది. వేలు కోసుకుపోతుందని ఆయన ముందే చెప్పినా వినలేదు. తీగ సరిగా బిగించడం చేతకాక అది గరగరలాడితే, ఆయన వెనక నుంచి చేయి పట్టుకుని లాగి చూపించాడు. నాదం పలికేసరికి పిల్లలంతా చప్పట్లు కొట్టారు. అప్పటిదాకా ఎవరికీ పట్టని విద్యను ఆ పిల్ల చేతికి అప్పగించడానికి కావలసినవి మూడే: ఒక వాద్యం, నేర్పే మనిషి, కాస్త తీరిక.

పార్వతీపురం ప్రాంతంలో పుట్టిన జానపద గాయకుడు వంగపండు ప్రసాదరావు గారు ఈ బాణీలతోనే ఊళ్లకు ఊళ్లను కదిలించారు. 2020 ఆగస్టులో ఆయన వెళ్లిపోయాక ఆయన పాటలు అందరూ తలచుకున్నారు, ఫోనుల్లో పంచుకున్నారు. ఆయన గొంతుకు నేలనిచ్చిన జముకు మాత్రం చాలా ఊళ్లలో అటక మీదే ఉంది.

ఇదే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవాళ్లే. ఆ కళాశాల అంటే మా జిల్లా వాళ్లందరికీ గర్వం, నాకు మరీ ఎక్కువ. వీణో మృదంగమో నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఈ ఊళ్లో నూరేళ్లు దాటి ఒక ఇల్లుంది. జముకు నేర్చుకోవాలనుకున్న ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? పండుగ మూడు రోజులూ పగటిపూట ఆ కళాశాల ఆవరణలోనే జానపద వాద్యాలు నేర్పే ఏర్పాటు చేస్తే, నారాయణదాసు గారి గడప మీద జముకుల గురువుకూ పీట వేసినట్టవుతుంది.

ఇక పిల్లలు తల దించుకునే సంగతి. దాన్ని దాటేసి ఎంత పెద్ద పండుగ చేసినా లాభం లేదు. మన జానపద కళల్లో చాలావాటికి ఒక కులం పేరు అంటించారు. చావుకు డప్పు కావాలి, చాటింపుకు డప్పు కావాలి, అమ్మవారి జాతరకు డప్పు లేకపోతే అడుగు ముందుకు పడదు. పని అయిపోగానే ఆ డప్పు కొట్టినవాడు దూరంగా నిలబడాలి. తండ్రి అలా నిలబడడం చూసిన కొడుకు డప్పు ముట్టుకోనంటే తప్పు వాడిదని నేను ఎప్పటికీ అనలేను. కళ అంతరించిపోతోందని బాధపడే పెద్దలు ఈ అవమానాన్ని ముందు ఒప్పుకోవాలి. అందరి పిల్లలూ ఒకే వరసలో నిలబడి, డప్పు చంకన తగిలించుకుని, ఆ తండ్రి ముందు "ఇలాగేనా మాస్టారూ" అని అడిగే చోటు ఒకటి ఉండాలి. ఆ మాట ఆయన కొడుకు చెవిన పడాలి. ఉచిత పండుగ కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. టికెట్టు పెట్టిన రోజున వచ్చేది చూసే జనం. అడ్డం లేకుండా తలుపు తీసి ఉంచితేనే నేర్చుకునే జనం వస్తారు.

కలిసి ఆడడానికి థింసాను మించినది లేదు. అరకు కొండల్లో గిరిజనులు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని, గొలుసులా సాగుతూ ఆడతారు. డప్పు, తుడుము మోగుతుంటే, మోరి ఊదుతుంటే ఆ గొలుసు వంగుతుంది, లేస్తుంది, పాములా చుట్టుకుంటుంది. అడుగు రానివాళ్లను పక్కవాళ్ల చేతులే లాక్కుపోతాయి. అరవయ్యేళ్ల అమ్మమ్మ పక్కన ఆరేళ్ల మనవరాలు ఆడవచ్చు. ఇలాంటి ఆటను పర్యాటకుల ముందు రంగుల చీరలు కట్టించి పది నిమిషాలు ఆడించి పంపేస్తున్నాం. మూడు రోజుల పండుగలో ఒక సాయంత్రం పూర్తిగా థింసాకు వదిలేయండి. కొండ దిగి వచ్చిన ఆడవాళ్లు మొదట ఆడతారు, తరవాత ఊరంతా ఆ గొలుసులో కలుస్తుంది.

ఏర్పాట్ల గురించి నాకు తోచింది చెబుతాను. అయోధ్య మైదానం, కోట పరిసరాలు, సంగీత కళాశాల ఆవరణ సరిపోతాయి. స్టేజీ కట్టించవద్దు. నేల మీద సున్నంతో గుండ్రటి గీత గీస్తే చాలు, జనం చుట్టూ కూర్చుంటారు. నిలబడలేని పెద్దలకు కుర్చీలు, చక్రాల కుర్చీలో వచ్చేవారికి చదునైన దారి, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు, తాగే నీళ్లు. వీటిమీద పెట్టే ఖర్చు లేజర్ లైట్ల మీద పెట్టే ఖర్చుకన్నా ముఖ్యం. ఒక్కో బృందానికి తక్కువలో తక్కువ గంట ఇవ్వాలి. ఆట అయ్యాక అరగంట ఆ బృందమే వచ్చినవాళ్లకు అడుగులు నేర్పాలి. కోలాటానికీ చెక్కభజనకూ కోలలు, చెక్కలు విడిగా పెట్టి ఉంచాలి. జముకుల కథ చోటికి పెద్ద బాక్సుల మోత వినిపించకూడదు. ఆ ఒంటి తీగ జారుడు అందులో కొట్టుకుపోతుంది. స్త్రీశక్తి పథకంతో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది కాబట్టి పల్లెల నుంచి చూడవచ్చేవాళ్లకు దారి సులువైంది. డప్పులూ తుడుములూ మోసుకుని అరకు నుంచో సీతంపేట నుంచో వచ్చే బృందాలకు మాత్రం విడిగా బస్సు వేయాలి, రాత్రి బస, భోజనం చూడాలి. పారితోషికం మధ్యవర్తి చేతికి పోకూడదు. కళాకారుడు తిరుగు బస్సు ఎక్కేలోపు అతని ఖాతాలో పడాలి.

పోటీలు, బహుమతులు దయచేసి పెట్టవద్దు. బడుల్లో జానపద నృత్య పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. బహుమతి అనగానే ఒకే రంగు బట్టలు, రీమిక్స్ పాట, యూట్యూబ్‌లో చూసిన అడుగులు వచ్చేస్తాయి. పక్క వీధిలో ఉన్న గురువు దగ్గరికి ఎవరూ వెళ్లరు. శాలువాలు, సుదీర్ఘ ఉపన్యాసాలు కూడా ఈ మూడు రోజులు పక్కన పెట్టమని మనవి. మీరు తప్పకుండా రావాలి. గేటు దగ్గర డప్పుల స్వాగతం లేకుండా వచ్చి, సున్నపు గీత పక్కన మాతో పాటు కూర్చోవాలి.

ఇలాంటి పని పక్క రాష్ట్రంలో జరిగింది. 2007లో పొంగల్ రోజుల్లో చెన్నై సంగమం అనే జానపద కళల పండుగ మొదలైంది. పార్కుల్లో, సముద్రపు ఒడ్డున, వీధుల్లో పఱై, కరగాట్టం, ఒయిలాట్టం లాంటి తమిళ జానపద కళలను ఉచితంగా ఆడించారు. ఊరి పండుగల్లో తప్ప కనిపించని కళాకారులను నగరం చుట్టూ మూగి చూసింది. 2011లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. మళ్లీ 2023 జనవరిలోగానీ మొదలవలేదు. పన్నెండేళ్ల ఖాళీ అంటే ఒక కళాకారుడి జీవితంలో చిన్న సంగతి కాదు. ఆటకు ఒళ్లు సహకరించే వయసే దాటిపోతుంది. అందుకే మన పండుగ ఏ పార్టీ పేరుతోనూ ఏ నాయకుడి పేరుతోనూ ఉండకూడదు. ఉత్తర్వు ఇచ్చి ఏటి క్యాలెండరులో చేర్చండి. నడిపే సంఘంలో సగం మందికి తగ్గకుండా కళాకారులే ఉండాలి.

డప్పు కళాకారుల పింఛను నెలకు 4,000 రూపాయలు చేసినందుకు ప్రభుత్వానికి మనసారా కృతజ్ఞతలు. ఆ డబ్బు మందులకూ బియ్యానికీ ఆసరా. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా బడిలో ఆ వార్త చదివి వినిపించాను. పింఛను వల్ల గురువు బతుకుతాడు. పద్మశ్రీ వల్ల గౌరవం దక్కుతుంది. ఆయన ముందు కూర్చుని నేర్చుకునే శిష్యుడిని మాత్రం ఈ రెండూ తెచ్చిపెట్టలేవు. శిష్యుడు రావాలంటే వాడు ముందు ఆ ఆటను దగ్గర్నుంచి చూడాలి, ఒకసారి తానూ ఆడాలి, ఊరు తనను చూసి మెచ్చుకోవాలి.

డబ్బు ఎక్కడిదని మీ అధికారులు అడుగుతారు. జిల్లా ఉత్సవాల్లో సినీ సంగీత విభావరులకు ఇస్తున్న దాంట్లో కొంత ఇటు మళ్లించండి. సినిమా పాటంటే నాకు కోపం లేదు, నేనూ పాడుకుంటాను. దానికి టీవీ ఉంది, థియేటరు ఉంది, ప్రతి చేతిలో ఫోనుంది. తప్పెటకు మైదానం ఒక్కటే ఉంది.

ఈ సంక్రాంతికి ముందే విజయనగరంలో ఒక సమావేశం పెట్టించండి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాల బృందాల పెద్దలను పిలిపించండి. తేదీలు వాళ్లనే నిర్ణయించమనండి, ఎందుకంటే నూర్పిళ్లు ఎప్పుడు ముగుస్తాయో, కొండ మీద ఏ పండుగ ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలుసు. మా మండలంలో తప్పెటగుళ్లు ఆడేవాళ్ల పేర్లు, జముకు పట్టగల పెద్దల పేర్లు, నేర్చుకుంటామని ముందుకొచ్చిన పిల్లల పేర్లు రాసి సిద్ధంగా ఉంచాను. మీ కార్యాలయం నుంచి కబురు రాగానే తీసుకొచ్చి ఇస్తాను.

ఇట్లు,
విజయనగరం జిల్లా నుంచి
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు