తొలి టికెట్టుకు ముందు ఒక రోజు ఖాళీ బండి తిరగాలి

ఒడిశా ప్రభుత్వ పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలతో,

అయ్యా,

నేను గజపతి జిల్లాలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబానికి చెందినవాణ్ణి. ప్రభుత్వ నిర్మాణ పనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఈ మధ్య మా సరిహద్దు పట్టణాల్లో ఒకచోట వెలసిన ఎగ్జిబిషన్‌కు, అందులోని కొత్త రోలర్ కోస్టర్ మొదలైన రోజునే, మనవల్ని తీసుకుని వెళ్లాను. జెయింట్ వీల్, కొలంబస్ మా పిల్లలకు పాతవే గానీ కోస్టర్ ఈ వైపు రావడం అరుదు. అందుకే పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి, కొండల మీది సవర పల్లెల నుంచి కూడా జనం తరలివచ్చారు. భువనేశ్వర్ వరకో విశాఖపట్నం వరకో వెళ్లి పెద్ద పార్కుల్లో టికెట్టు కొనలేని కుటుంబాలకు, ఊళ్లోకే లారీల మీద వచ్చే ఈ ఆటవస్తువులు తప్ప వేరే దారి లేదు కనుక, వీటిని ఆపమని నేను కోరడం లేదు.

నా అభ్యంతరమంతా తొందర గురించే. ముందు రోజు లారీల నుంచి దించిన సామాను మర్నాటి సాయంత్రానికి కోస్టరై నిలబడింది, వెంటనే టికెట్లు అమ్మారు. వరుసలో నిలబడ్డప్పుడు అలవాటు కొద్దీ స్తంభాల పాదాలు చూశాను. వాటి కింద చెక్క దిమ్మెలు పెట్టారు. ఎగుడుదిగుడు నేల మీద దిమ్మెలు వేయడం తప్పేమీ కాదు, ఎక్కడైనా వేస్తారు. కానీ వానకు నేల నాని మలుపు దగ్గర ఒక దిమ్మె ఓ పక్కకు దిగబడింది. దానికీ ఇనుప పాదానికీ మధ్య వేలు పట్టేంత సందు. బండి పైనుంచి దూసుకుపోయినప్పుడల్లా ఆ సందు మూసుకుని మళ్లీ తెరుచుకుంటోంది. పానా పట్టుకున్న కుర్రవాడొకడు రెండు ఆటల మధ్య వచ్చి పక్క బోల్టు బిగించి వెళ్లాడు గానీ దిమ్మె వంక చూడలేదు. నిర్వాహకుడికి చూపిస్తే రేపు సర్దుతామన్నాడు. మేం ఎక్కకుండా వెనక్కి వచ్చేశాం. మనవరాలు అలిగి, పీచు మిఠాయి కొనిపెట్టినా ఇంటికి చేరేదాకా మాట్లాడలేదు.

ఆ రోజు ప్రమాదమేదీ జరగలేదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, రోలర్ కోస్టర్ బండికి ఇంజను ఉండదు. గొలుసు దాన్ని మొదటి ఎత్తు మీదికి లాగి వదిలాక, చివర బ్రేకులు పట్టుకునేదాకా తన బరువుతోనే పరుగెత్తుతుంది కాబట్టి, దారిలో తేడా కనబడితే ఆపడానికి నడిపేవాడి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. పట్టాను పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి కరుచుకునే మూడు రకాల చక్రాలు, ఒడి మీదికి దించే కడ్డీ, ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని మోగే కొక్కెం, ఇవే కాపాడాలి. పిల్లలు కేరింతలు కొట్టే ఆ టకటక వెనక బండి వెనక్కి జారకుండా ఆపే ఏర్పాటు ఉంది. 1972 మే 30న లండన్‌లోని బ్యాటర్సీ పార్కులో అది పనిచేయక బండి వెనక్కి జారి అయిదుగురు పిల్లలు చనిపోయారు.

యంత్రం ఎంత కొత్తదైనా మనిషి తొందర దాన్ని ఓడించగలదు. 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ అనే వినోద పార్కులో కంప్యూటరు రోలర్ కోస్టర్ బండిని ఆపేసింది. ముందు పట్టా మీద ఖాళీ బండి నిలిచి ఉందని గమనించని సిబ్బంది కంప్యూటరు ఆదేశాన్ని పక్కనపెట్టి బండిని మళ్లీ నడిపించారు. ఆ ఢీకొట్టడంలో పదహారు మంది గాయపడగా ఇద్దరు యువతులకు కాలు తీసేయవలసి వచ్చింది. కోర్టు మరుసటి ఏడాది యాజమాన్యానికి 50 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. మన దేశంలోనూ 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే ఆటవస్తువు విరిగిపడి ప్రాణాలు పోయాయి. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో రోలర్ కోస్టర్ నుంచి పడి ఒక యువతి మరణించింది. ఆ రెండూ శాశ్వతంగా పాతిన ఆటవస్తువులు. ఊరూరా విప్పి బిగించేవాటికి ప్రతి ఊరూ ఒక కొత్త నిర్మాణమే. ఇంటి ముందు అరుగు వేసుకున్నా నీళ్లు పోసి నాలుగు రోజులు ఆగుతామే!

కనుక, బిగింపు పూర్తయ్యాక ఒక పగలంతా బండిని మొదట ఖాళీగా, తర్వాత ఇసుక బస్తాలతో తిప్పాలనీ, ఆ సమయంలో అర్హత గల ఇంజనీరు అక్కడే ఉండి పాదాలు, బోల్టులు, కడ్డీలు చూడాలనీ ఎగ్జిబిషన్ అనుమతి పత్రంలోనే షరతు పెట్టించవలసిందిగా కోరుతున్నాను. ఇందుకు కొత్తగా నియమాలు రాయనక్కరలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఇటువంటి ఆటవస్తువుల భద్రతకు ఐఎస్ 15475 అనే ప్రమాణాన్ని ఏనాడో ఇచ్చింది. వేరే ఊళ్లో తీసుకున్న పాత ధ్రువపత్రం చెల్లకూడదు. గట్టి వాన పడితే పాదాలు మళ్లీ చూశాకే ఆట మొదలుపెట్టాలి. ఆ ఇంజనీరు పేరు, తనిఖీ తేదీతో ఉన్న కాగితాన్ని టికెట్ల కిటికీ పక్కన ఒడియాలోనూ తెలుగులోనూ అంటించాలి. సవర పల్లెల వారికి మైకులో వారి భాషలోనే చెప్పించాలి.

ఒక రోజు అమ్మకం పోతుందని కాంట్రాక్టర్లు అంటారు. ఆ రోజు మైదానం అద్దెను మునిసిపాలిటీలు మాఫీ చేస్తే ఆ మాట నిలవదు. రథయాత్ర సంబరాలకు మైదానాలు వేలం వేయకముందే ఈ ఉత్తర్వు మా సరిహద్దు జిల్లాలకు చేరేలా చూడగలరని మనవి.

ఇట్లు,
గజపతి జిల్లా నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు