అమ్మకు నువ్వే చెప్పాలె నాయినా

మస్కట్,
శుక్రవారం రాత్రి

నాయినకు దండాలు. అమ్మకు కూడ.

నేను మంచిగున్న. పని నడుస్తున్నది, జీతం పడ్డది, పంపిన పైసలు అందినయని చెల్లె చెప్పింది. ఎండ జర తగ్గింది. పని ముచ్చట ఇంతే.

సద్దుల బతుకమ్మ ఫోటోలు చూసిన. ఈసారి తంగేడు మస్తు దొరికినట్టుంది. అమ్మ పచ్చ చీర కట్టుకున్నది గని మొకం చిన్నబోయి ఉన్నది. నా చెయ్యి గురించేనని తెలుసు. ఫోన్ల కట్టు చూసినకాంచి "సముద్రం కాడికి పోతె నా మీద ఒట్టు" అంటున్నది. చెప్పబోతె ఏడుస్తది, నాకు మాట రాదు. అందుకే కాయితం పట్టిన. నువ్వు చదివి అమ్మకు వినిపియ్యి.

జరిగింది జరిగినట్టు రాస్త. ఆ రాత్రి గాలానికి సముద్రపు జెల్ల పడ్డది. మన జెల్ల లెక్కనే మీసాలు, వీపు మీద ఒక ముల్లు, పక్క రెక్కలకు రెండు. గని దీని ముల్లుల విషముంటది. జెల్లను ముళ్ల ఎనుక వేళ్లు పెట్టి పట్టాలని కట్ట మీద నువ్వు నేర్పిందే. టార్చి ఎయ్యకుండ చీకట్ల పట్టిన, తప్పు నాదే. బొటనవేలి కింద దిగి మోచెయ్యి దాంక మండింది. మా రూముల శ్రీకాకుళపాయన, సిక్కోలన్న ఉన్నడు కద, ఓర్చుకునేంత వేడినీళ్లల్ల చెయ్యి ముంచి పెట్టిండు. వేడికి ఆ విషం ఇరుగుతది. గంట లోపట నొప్పి దిగింది. పొద్దున దవాఖానకు పోతె ఇరిగిన ముల్లు ముక్క తీసి టీటీ సూది ఇచ్చిండ్రు. ఇప్పుడు కట్టు లేదు. ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్న, అక్షరాలు చూడు, వంకర పోయినయా?

అమ్మ ఎంత తిట్టినా పడుత నాయినా. నువ్వు ఒక్క మాట అనకుండ ఫోను ముందలకెల్లి లేచిపోయినవ్ చూడు, దానికి నిద్ర పట్టలే.

నేను ఒంటరిగ పోను. బండల మీద ఎక్కను. అజైబా కాడ ఇసుక ఒడ్డే, శుక్రవారం ఒక్కదినమే. నీళ్లల్ల దిగితె మోకాళ్లు దాటను, కాళ్లు ఎత్తి ఎయ్యకుండ ఇసుకల ఈడ్చుకుంట నడుస్త. ఇసుకల దాగిన టేకు చేప ఆ అలికిడికి పక్కకు పోతది, తొక్కితేనే తోకతోని కొడుతది. ఇవన్ని నేర్చుకున్నంకనే గాలం పట్టిన. దానికి పైసలు పోస్తున్న అని కూడ అనుకోవద్దు. గడ, దారం చుట్టే రీలు రెండు పాతయే, దేశం పోయే ఒక ఫిలిప్పీన్సు ఆయన 15 రియాళ్లకు ఇచ్చిండు.

గడ 12 అడుగులుంటది. నువ్వు చూస్తె మురుస్తవ్. కొసకు సీసం గుండు, దానికి నాలుగు తీగ కాళ్లు. అల ఎంత గుంజినా ఆ కాళ్లు ఇసుకను పట్టుకుంటయ్. గాలం మన తీరు కాదు, గుండ్రంగుంటది, మొన లోపటికి తిరిగి ఉంటది. చేప ఎర నోట్ల పెట్టుకొని మల్లి పోతుంటె దవడ మూలకు దానంతటదే తగులుకుంటది. మనం గుంజొద్దు. బెండు మునుగంగనే ఎత్తుడు నీకాడ నేర్చిన అలవాటాయె, అది మానుకోనీకె మూడు నెలలు పట్టింది. అన్ని నెలలు చేప తగిలినట్టే తగిలి పోయింది. అయితె ఈ గాలం కడుపుల దిగుడు తక్కువ, చిన్నది పడితె ఊడదీసి పానంతోనె ఇడువొచ్చు.

రీలుకు ఒక మర ఉంటది. దారం ఎంత గుంజుకు జారాల్నో దాంతోని పెట్టుకోవాలె. 12 కిలోలు ఆపే దారమైతె 3, 4 కిలోల గుంజుకే జారాలె. చిన్న కాటాకు తగిలిచ్చి చూసుకుంట. బిగిస్తె తెగుతది, మరీ వదులుంటె గాలం పట్టదు. నువ్వు తంగూసును వేళ్ల నడుమ జారనిచ్చుకుంట పెద్ద బొచ్చెను అలిపిచ్చేటోనివి కద, ఆ వేళ్ల పని ఈ మర చేస్తది. మొదటిసారి దారం కిర్రుమని జారినప్పుడు నువ్వే పక్కన నిలబడ్డట్టయింది. ముడి బిగించే ముందు ఉమ్మితోని తడుపుడు మాత్రం ఇక్కడ కూడ అదే. సిక్కోలన్న చేస్తుంటె చూసి, మా నాయిన గిట్లనే చేస్తడన్న. పొడి దారం రాపిడికి కాగి బలం పోతదట.

సముద్రం దినానికి రెండుసార్లు ఎక్కుతది, రెండుసార్లు దిగుతది. పోటు, పాటు అంటడు సిక్కోలన్న. ఇయ్యాల ఎప్పుడు పొంగిందో రేపు దానికి 50 నిమిషాలు ఆలిశెం. నీళ్లు కదిలేటప్పుడే చేప మేతకొస్తది. అమాసకు, పున్నానికి పోటు పెద్దది. నువ్వుంటె ఆకాశం చూసి చెప్తుంటివి.

నీ మోకాళ్లు ఎట్లున్నయ్? మందులు ఆపకు.

ఒక్కటి మాత్రం నాకు కష్టంగుంటది. రూముకు వచ్చినంక రీలును మంచినీళ్లతోని కడగాలె, లేకుంటె ఉప్పు తింటది. నల్ల జోరుగ ఇడువొద్దు, ఉప్పు ఇంకా లోపటికి పోతది. చిన్న ధారతోని మెల్లగ కడగాలె. ఆ నీళ్లు జాలిలకు పోతుంటె అమ్మ బిందె యాదికొస్తది. ఫ్లోరైడు బోరు నీళ్లు తాగొద్దని తాగే నీళ్లకు ఎంత దూరం నడిచింది నాయినా! నాయినమ్మ కాళ్లు వంకర పోయినయ్, నీయి గట్ల కావొద్దని. రీలు కడుగుడు నాకు ఒక్క చెంబుల అయిపోతది, ఎక్కువ పొయ్య. నల్ల నీళ్లు దినాం వస్తున్నయా? రాకుంటె ఆ బోరు నీళ్లు మల్ల ముట్టొద్దు.

వంజరాన్ని ఇక్కడ కనద్ అంటరు. ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాంక పట్టొద్దు, అమ్మొద్దు, గుడ్లు పెట్టే కాలమని. తొలకరికి చెరువులకెల్లి ఎదురెక్కే చేపను నువ్వు కూడ పట్టనియ్యకపోతుంటివి. ఇంక కొన్ని దినాలే. దాని పండ్లు బ్లేడు లెక్క దారం కోస్తయ్, అందుకు గాలం ముందల జానెడు ఇనుప తీగ కట్టి పెట్టుకున్న. ఒట్టు తియ్యమని అమ్మకు చెప్పు. నువ్వు చెప్తె ఇంటది.

శుక్రవారం పొద్దుమీకి ఒడ్డున కూసుంటె రూము యాదికి రాదు, కంపెనీ యాదికి రాదు. మీ దిక్కు ఆరున్నరైతె నాకు ఐదు. అప్పటికే నువ్వు పెరట్ల మంచమేసుకొని ఉంటవని లెక్క పెట్టుకుంట.

మిరుగం నాటికి వస్త. ఆ దినం చేపల కూర తినుడే కాదు, ఇద్దరం డిండి ప్రాజెక్టుకు పోదాం. నీకు చిన్న రీలు తెస్తున్న, వేళ్లు వణికినా దారం జారది. చూరుల నా పాత వెదురు గడ ఉండాలె, జొన్న బెండు దానికే కట్టి ఉన్నది. ఎలుకలు కొట్టకముందే దించి లోపట పెట్టు.

నీ కొడుకు